సెప్టెంబరులో వెళ్లే పిల్లలకు మనం ఏం నేర్పి పంపుతున్నాం?



ఏటా ఆగస్టు చివరి ఆదివారాలు వచ్చేసరికి మన సంఘాల్లో ఒకే దృశ్యం కనబడుతుంది. ఆరాధన చివర ఇద్దరో ముగ్గురో యౌవనస్థులు ముందుకు వచ్చి మోకరిస్తారు. ఒకరికి బర్మింగ్‌హామ్‌లో సీటు, ఇంకొకరికి డాలస్‌లో, మరొకరికి హైదరాబాదు గచ్చిబౌలిలో ఉద్యోగం. కాపరి తల మీద చెయ్యి వేసి ప్రార్థిస్తాడు. తల్లి కొంగుతో కళ్లు ఒత్తుకుంటుంది. సంఘ పెద్దలు ఒక కవరు చేతిలో పెడతారు. సూట్‌కేసులో ఆవకాయ, గోంగూర పచ్చడి, వాటి మధ్య ఒక తెలుగు బైబిలు. వెళ్లే ముందు చివరి హితవు కూడా ఎప్పుడూ ఒకటే: "బాబూ, చెడు సహవాసం పట్టకు. ఆదివారం ఆరాధన మానకు."

ఈ హితవులో తప్పేమీ లేదు. మేమూ ఎందరికో ఇదే చెప్పి పంపాం. ఇది సరిపోదని మాకు తెలియజేసింది మా సంఘంలోని ఒక టీచరమ్మ గారి అబ్బాయి. ఇంగ్లండులో ఎం.ఎస్. చదవడానికి వెళ్లిన రెండు నెలలకు ఫోన్ చేశాడు. "అయ్యగారూ, ఇక్కడ నన్ను ఎవరూ తిట్టడం లేదు, ఎవరూ వాదించడం లేదు. అసలు ఎవరూ ఏమీ అడగడం లేదు. మీరు నేర్పిన జవాబులకు ఇక్కడ ప్రశ్నలే లేవండి" అన్నాడు.

అతని ఇంట్లో నలుగురు కుర్రాళ్లు. ఒకరిది పాకిస్తాన్ మూలాలున్న ముస్లిం కుటుంబం, ఒకరు గుజరాతీ, ఒకరు ఇంగ్లీషు కుర్రవాడు. ఆ ఇంగ్లీషు కుర్రవాడికి శుభ శుక్రవారం సెలవు ఎందుకిస్తారో తెలియదట. మన అబ్బాయి భోజనానికి ముందు కళ్లు మూసుకోవడం చూసి ఒకసారి మాత్రం అడిగాడు: "నువ్వలా మాట్లాడుతున్నప్పుడు ఏం జరుగుతుందనుకుంటావు?" వెటకారంగా కాదు, నిజంగా తెలుసుకోవాలనే. మన అబ్బాయి నోట మాట రాలేదు. పదిహేనేళ్లు ఆదివారపు బడికి వచ్చినవాడు, వాక్య కంఠస్థ పోటీలో మండల స్థాయి బహుమతి తెచ్చినవాడు. "ఏం చెప్పాలి అయ్యగారూ?" అని మమ్మల్ని అడిగాడు. ఆలోచించి చెబుతామన్నాం. వారం గడిచాక కరపత్రం ఒకటి వాట్సాప్‌లో పంపించాం. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

ఒక మాట, రెండు అర్థాలు

'సెక్యులర్' అనే మాట మనకు కొత్తది కాదు. 1976లో 42వ సవరణ ద్వారా అది మన రాజ్యాంగ ప్రవేశికలో చేరింది. తెలుగులో 'లౌకిక' అన్నాం. మన దేశంలో దాని అర్థం, ప్రభుత్వానికి తనదంటూ ఒక మతం లేదని, అన్ని మతాలనూ సమానంగా చూడాలని. అయితే ఆ ప్రభుత్వం కింద బతికే ప్రజలు మాత్రం దేవుణ్ణి ఒక్క పూట కూడా మరచిపోరు. ఆటో అద్దం మీద, కిరాణా కొట్టు గల్లాపెట్టె మీద, ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్ గుమ్మం మీద ఏదో ఒక దేవుడి పటం ఉంటుంది. మన పొరుగువాడు మన దేవుణ్ణి ఒప్పుకోకపోవచ్చు. దేవుడి సంగతి మాట్లాడితే మాత్రం ఆశ్చర్యపోడు.

ఇంగ్లండు దీనికి తలకిందులు. అక్కడ చట్టప్రకారం రాజ్య సంఘం ఉంది. రాజే దానికి సుప్రీం గవర్నరు. 26 మంది బిషప్పులకు హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో స్థానం ఉంది. అయినా వీధిలో నడిచే మనిషికి దేవుని ప్రసక్తి లేకుండానే రోజు గడిచిపోతుంది. 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండు, వేల్స్‌లలో తాము క్రైస్తవులమని చెప్పుకున్నవారు 46.2 శాతం. సగానికి తగ్గడం అదే మొదటిసారి. 2011లో వారు 59.3 శాతం. ఏ మతమూ లేదన్నవారు అదే పదేళ్లలో 25.2 నుంచి 37.2 శాతానికి పెరిగారు. బర్మింగ్‌హామ్ నగరాన్నే తీసుకుంటే క్రైస్తవులు 34 శాతం, ముస్లింలు దాదాపు 30 శాతం. మన పిల్లలు దిగేది ఆ నగరాల్లోనే. ఒక పక్క దేవుడి అవసరమే కనబడని పొరుగువాడు, ఇంకో పక్క రోజుకు ఐదుసార్లు నమాజు చేసే పొరుగువాడు. మనం మన పిల్లలకు ఇద్దరితోనూ ఎలా మసలాలో నేర్పలేదు.

ఇది విదేశాల సంగతే అనుకోవద్దు. హైదరాబాదులో, బెంగళూరులో ఐటీ ఆఫీసుల్లో పనిచేసే మన బిడ్డలను అడిగి చూడండి. పండుగలన్నీ జరుపుకుంటూనే దేవుడంటే ఇంటి ఆచారం తప్ప మరేమీ కాదని భావించే తోటి ఉద్యోగులు వారి చుట్టూ ఎందరో.

ఒక మిషనెరీ తిరుగు ప్రయాణం

ఈ విషయంలో మనకు పాఠం చెప్పగలిగిన వ్యక్తి ఒకరున్నారు. ఆయన జీవితంలో చాలా ఏళ్లు మన దక్షిణ భారతదేశంలోనే గడిచాయి కాబట్టి ఆయన మనకు పరాయివాడు కాదు. బిషప్ లెస్లీ న్యూబిగిన్ గారు 1909లో ఇంగ్లండులో పుట్టారు. 1936లో స్కాట్లండు సంఘపు మిషనెరీగా మద్రాసులో దిగారు. వచ్చిన కొద్ది రోజులకే బస్సు ప్రమాదంలో కాలు విరిగి తిరిగి వెళ్లవలసి వచ్చింది. మళ్లీ 1939లో వచ్చి కాంచీపురంలో పరిచర్య మొదలుపెట్టారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు మొదటి బిషప్పులలో ఆయన ఒకరు. అప్పటికి ఆయన వయస్సు 37. మధుర-రామనాథపురం అధ్యక్ష ఖండం ఆయనకు అప్పగించారు.

కాంచీపురం రోజుల్లో ఆయన చేసిన ఒక పని గురించి మన కాపరులకు తెలియాలి. ఆ ఊరి రామకృష్ణ మఠంలో వారానికొక సాయంత్రం కూర్చునేవారు. ఒక వారం శ్వేతాశ్వతర ఉపనిషత్తు, మరుసటి వారం యోహాను సువార్త. నేల మీద కూర్చుని తమిళంలో చదివి చర్చించుకునేవారు. ఆ మఠం హాలులో లోకంలోని మహాపురుషుల పటాల వరుసలో యేసు పటం కూడా ఉండేదట. క్రిస్మస్ రోజున దాని ముందు పూజ కూడా చేసేవారట. అది చూసి సంతోషించాలో బాధపడాలో ఆలోచిస్తే విషయం లోతు తెలుస్తుంది. పటం వరుసలో చేర్చినంత మాత్రాన ఆయనను ప్రభువుగా అంగీకరించినట్టు కాదు. అక్కడ యేసుకు దక్కింది గౌరవం, అదీ వారి ఆలోచనా విధానంలో ఇమిడేంత మేరకే. చాలా ఏళ్ల తర్వాత స్వదేశంలో తన సంఘమూ ఇదే చేస్తోందని న్యూబిగిన్ గారికి అర్థమైంది. పాశ్చాత్య ఆలోచనా గోడ మీద యేసుకూ ఒక మేకు కొట్టి తగిలించారు.

1974లో మద్రాసు బిషప్పుగా విరమించుకుని, భార్య హెలెన్ అమ్మగారితో కలిసి ఇంగ్లండుకు బయలుదేరారు. విమానంలో కాదు, బస్సుల్లో. రెండు సూట్‌కేసులు, ఒక వీపు సంచి. దారిలో టర్కీలోని కప్పదొకియ తగిలింది. ఒకటవ పేతురు పత్రిక మొదటి వచనంలోనే ఆ పేరు మనకు కనబడుతుంది. నాలుగో శతాబ్దంలో సంఘానికి గొప్ప వేదాంత పండితులను ఇచ్చిన నేల అది. ఆదివారం ఆరాధన చేసుకుందామంటే అక్కడ ఇంకొక క్రైస్తవుడు కనబడలేదు. ఆ ప్రయాణం మొత్తంలో భార్యాభర్తలిద్దరే కూర్చుని ఆరాధించుకున్న చోటు అదొక్కటే. సంఘం ఒక ప్రాంతంలో బలంగా ఉండి తర్వాత అక్కడ లేకుండా పోవడం సాధ్యమే. మన గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల్లో వంద దాటిన చర్చి భవనాల ముందు నిలబడినప్పుడల్లా మాకు ఈ సంగతి గుర్తుకొస్తుంది.

ఇంగ్లండు చేరాక బర్మింగ్‌హామ్‌లోని సెల్లీ ఓక్ కళాశాలల్లో, మిషనెరీలుగా వెళ్లబోయేవారికి పాఠాలు చెప్పారు. 1978లో వచ్చిన ఆయన గ్రంథం 'ది ఓపెన్ సీక్రెట్' ఆ పాఠాల్లోంచే పుట్టింది. ఇతర దేశాలకు మిషనెరీలను తయారు చేస్తూ ఉండగానే, అసలైన మిషను క్షేత్రం తరగతి గది కిటికీ బయటే ఉందని ఆయన గ్రహించారు. ఇండొనేషియాకు చెందిన జనరల్ సిమాటుపాంగ్ గారు ఒక సభలో మెల్లగా అన్న మాట, పాశ్చాత్య దేశాలు మారుమనస్సు పొందగలవా అన్న ప్రశ్న, ఆయన వెంటబడింది. ఇండియా నుంచి వచ్చాక అన్నిటికంటే కష్టమనిపించిందేమిటి అని ఎవరైనా అడిగితే, అక్కడి మనుషుల్లో ఆశ కనబడకపోవడమే అని చెప్పేవారు. మద్రాసు మురికివాడల్లోని పేదల్లో కూడా రేపు బాగుంటుందన్న ఆశ ఆయనకు కనబడేది.

డెబ్బై ఏళ్ల వయస్సులో ఆయన చేసిన పని మాకు ఆయన గ్రంథాలన్నిటికంటే పెద్దదిగా కనిపిస్తుంది. బర్మింగ్‌హామ్‌లో విన్‌సన్ గ్రీన్ అనే పేదపేట ఉంది. జైలు ఎదురుగా ఒక చిన్న చర్చి. సభ్యులు తగ్గిపోయి, యునైటెడ్ రిఫార్మ్డ్ చర్చివారు దాన్ని మూసివేద్దామనుకున్నారు. అలాంటి చోటు నుంచి సంఘం వెళ్లిపోతే ఇక మిషను గురించి మాట్లాడే హక్కు మనకెక్కడిదని న్యూబిగిన్ గారు అడ్డుపడి, తానే కాపరిగా వెళ్లారు. 1980 నుంచి ఎనిమిదేళ్లు అక్కడ పనిచేశారు. ఉత్తర ఇండియా సంఘం నుంచి వచ్చిన ఒక భారతీయ కాపరి ఆయనకు తోడయ్యారు. ఇద్దరూ ఇల్లిల్లూ తిరిగేవారు. ఆసియా వలస కుటుంబాలు లోపలికి పిలిచి కూర్చోబెట్టి టీ ఇచ్చేవి. ఇంగ్లీషువారి ఇళ్లలో చాలాసార్లు ముఖం మీదే తలుపు వేసేవారు. ఇండియాలో చూసిన వ్యతిరేకత కంటే ఇక్కడి చల్లని తిరస్కారం భరించడం కష్టమని ఆయన రాసుకున్నారు. మన టీచరమ్మ గారి అబ్బాయి ఫోన్‌లో చెప్పింది కూడా ఇదే.

"మీకు మంచిదైతే మంచిదే"

'ఫూలిష్‌నెస్ టు ది గ్రీక్స్' (1986), 'ది గాస్పెల్ ఇన్ ఎ ప్లూరలిస్ట్ సొసైటీ' (1989) అనే గ్రంథాల్లో ఆయన ఈ సంస్కృతిని విడమరచి చూపారు. సంఘస్థులకు అర్థమయ్యేలా ఆ సారాంశాన్ని మా మాటల్లో చెబుతాం. ఆధునిక సమాజం జ్ఞానాన్ని రెండు అరలుగా విభజించింది. ఒక అరలో 'వాస్తవాలు' ఉంటాయి: నీరు వంద డిగ్రీల దగ్గర మరుగుతుంది, బ్యాంకు వడ్డీ ఇంత. వీటిని బడిలో అందరికీ నేర్పుతారు, ఒప్పుకోకపోతే మార్కులు పోతాయి. రెండో అరలో 'ఇష్టాలు' ఉంటాయి: ఎవరికి ఏ రంగు నచ్చుతుంది, ఎవరు ఏ దేవుణ్ణి కొలుస్తారు. ఈ అరలో తప్పొప్పులు ఉండవు. సువార్తను తీసుకెళ్లి ఆ రెండో అరలో పెట్టేశారు. అందుకే మీరు సాక్ష్యం చెబితే ఎవరికీ కోపం రాదు. "మీకు అది మంచి చేస్తే మంచిదే" అని నవ్వి ఊరుకుంటారు.

ఈ మాట మన సంఘంలోకి కూడా వచ్చేసింది. మన సాక్ష్యాలను ఒకసారి వినండి. "ప్రభువు నాకు ఉద్యోగం ఇచ్చాడు, నా బీపీ తగ్గించాడు." వందనాలు, సంతోషమే. కానీ యోగా కేంద్రానికి వెళ్లివచ్చినవారూ అదే చెబుతారు కదా. పొందిన మేలు మాత్రమే చెప్పి ఊరుకుంటే, సువార్తను మనమే ఇష్టాల అరలోకి నెట్టినట్టు. పొంతి పిలాతు కాలంలో, యెరూషలేము గోడ బయట, ఒక శుక్రవారం నాడు జరిగిన సంగతి మా పాపకు బీపీ తగ్గినా తగ్గకపోయినా నిజమే. అది మన ఒక్కరి ఇంటి సంగతి కాదు, లోకానికంతటికీ సంబంధించిన వార్త. దాన్ని అలా చెప్పగలిగేలా మన పిల్లలను తయారు చేస్తున్నామా అన్నది ప్రశ్న.

అలాగని క్రైస్తవ పాలన తిరిగి రావాలని న్యూబిగిన్ గారు కోరలేదు. అధికారంతో సత్యాన్ని నిలబెట్టాలనుకోవడం సిలువను తప్పుగా అర్థం చేసుకోవడమేనని ఆయన భావం. మరి ఈ వార్త ఎలా నమ్మదగినదవుతుంది? దాన్ని నమ్మి, దాని ప్రకారం బతికే సంఘమే లోకానికి సువార్తను వివరించే వ్యాఖ్యానం అన్నారు. మన దగ్గర వ్యాఖ్యాన గ్రంథాలకు కొదువ లేదు. మన సంఘాలనే ఎవరైనా వ్యాఖ్యానంగా చదివితే ఏం కనబడుతుంది? కులాలవారీగా విడిపోయిన చర్చిలు, కోర్టుకెక్కిన ఆస్తి తగాదాలు. ఈ మాట రాస్తే ఉత్తరాలు వస్తాయని మాకు తెలుసు. అయినా రాస్తున్నాం.

డోర్నకల్‌లో ఒకప్పుడు

శిక్షణ అంటే సెమినరీకి వెళ్లేవారికే అన్న ఆలోచన మనకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. మన తెలుగు నేల మీద అలా మొదలవలేదు. వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు తమిళుడు. 1909లో తిరునెల్వేలి ఇండియన్ మిషనెరీ సొసైటీ పనివాడిగా డోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకున్నారు. 1910లో ఎడింబరో మహాసభలో పాశ్చాత్య మిషనెరీలను ఆయన అడిగింది డబ్బు కాదు, స్నేహం. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే.

ఆయన దగ్గర చదువుకోవడానికి వచ్చిన ఉపదేశకులు భార్యాబిడ్డలతో సహా వచ్చేవారు. భర్తకు ఎంత చదువో భార్యకూ అంత శిక్షణ కావాలని ఆయన పట్టుబట్టేవారు. 1930ల మధ్య నాటికి ఆ అధ్యక్ష ఖండంలో రెండు వేలకు పైగా గ్రామ ఉపాధ్యాయులు ఉన్నారు. బాప్తిస్మం తీసుకున్నవారు తమ తల మీద తామే చెయ్యి పెట్టుకుని, 1 కొరింథీయులకు 9:16లోని పౌలు మాటను తమ మాటగా పలకాలి. సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని. బాప్తిస్మమే మిషనెరీ అభిషేకం అన్నమాట. పొలం పనికి వెళ్లే మాల, మాదిగ తల్లులు, చదువు రానివారు, ఆ మాట పలికి తమ పొరుగూరికి పాటలు పాడుకుంటూ వెళ్లారు. 1939లో ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ కెథీడ్రల్‌ను చూసినవారికి తెలుసు, గోపురాలూ మీనారులూ కలగలిసిన ఆ కట్టడంలో పొరుగువారి సౌందర్యం అంతా లోపలికి వచ్చి చేరింది. విశ్వాసంలో రాజీ లేదు, పొరుగువాడంటే చిన్నచూపూ లేదు.

మా శనివారం తరగతి

మేము వేదాంత కళాశాలలో గ్రీకు నేర్చుకున్నాం, ప్రసంగ శాస్త్రం నేర్చుకున్నాం, ఇతర మతాలను మూడు అంశాల్లో ఖండించడం నేర్చుకున్నాం. నమ్మకం లేని మనిషి పక్కన గంటసేపు కూర్చుని అతని మాట వినడం మాకు ఎవరూ నేర్పలేదు, మేమూ అడగలేదు. ఆ ఫోన్ తర్వాత మా సంఘంలో శనివారం సాయంత్రాలు ఎనిమిది వారాల తరగతి మొదలుపెట్టాం. విదేశాలకు వెళ్లేవారికి, నగరాల్లో ఉద్యోగాలకు వెళ్లేవారికి. నమూనాగా చెప్పడం లేదు. సగం పొరపాట్లే.

మొదటి వారం ఒక చిన్న పని ఇచ్చాం. 'రక్షణ', 'మారుమనస్సు', 'అభిషేకం', 'రక్తం' అనే మాటలు వాడకుండా, ఎన్నడూ చర్చి గడప తొక్కని మనిషికి చెబుతున్నట్టు, మీరు యేసును ఎందుకు నమ్ముతున్నారో రెండు నిమిషాలు చెప్పండి. పదకొండు మందిలో ఒక్కరూ రెండు నిమిషాలు నిలబడలేకపోయారు. "అయ్యగారూ, మీరు చెప్పండి" అన్నారు. మేమూ మూడో వాక్యంలో 'రక్షణ' దగ్గరకే వచ్చి ఆగాం. ఆ మాటలు తప్పని కాదు. వాటి లోపల ఏముందో మనం మరచిపోయి చాలా కాలమైందని తేలింది.

తర్వాతి వారం లూకా సువార్తను మొదటి నుంచి చివరి వరకు ఒకే కూర్పులో వంతులవారీగా చదివాం. రెండున్నర గంటలు పట్టింది. వచనాలు కంఠస్థం వచ్చిన పిల్లలకు కథ మొత్తం ఒక్కసారి వినడం అదే మొదటిసారి.

మూడో వారం మీద గొడవ జరిగింది. మా ఊళ్లో విరమణ చేసిన ఒక తెలుగు పండితులను, మా పాతస్నేహితులను, వచ్చి క్రైస్తవుల గురించి మీరు ఏమనుకుంటారో మా పిల్లలకు చెప్పండి అని పిలిచాం. "అన్యుడిని పిలిచి చర్చి హాలులో పాఠం చెప్పిస్తారా?" అని ఇద్దరు పెద్దలు మా ఇంటికి వచ్చారు. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం తీసి చూపాం. పౌలు ఏథెన్సులో నోరు విప్పక ముందు ఊరంతా తిరిగి వారి పూజా స్థలాలను శ్రద్ధగా చూశాడు. వారి కవుల మాటలు ఆయనకు తెలుసు. పెద్దలు పూర్తిగా ఒప్పుకోలేదు, ఆ శనివారం రాలేదు. పండితులు గారు వచ్చారు. మర్యాదగా మాట్లాడి, చివర ఒక మాట అన్నారు: "మీవాళ్లు మా ఇంటికొస్తారు, బాగా మాట్లాడతారు. మేము మాట్లాడటం మొదలుపెట్టగానే లేచిపోతారు." ఆ మాటకు హాలులో ఎవరూ నవ్వలేదు.

ఆ తర్వాత ఎక్కువ సమయం పట్టిన అంశం ప్రసాదం. ఆఫీసులో తోటి ఉద్యోగి తిరుపతి లడ్డు తెచ్చి ఇస్తే ఏం చేయాలి? ప్రతి యౌవనస్థుడికీ ఎదురయ్యే ప్రశ్న ఇది, వేదాంత గ్రంథాల్లో దీని జాడ కనబడదు. 1 కొరింథీయులకు 8 నుంచి 10 వరకు చదివించాం. ఇది అర్పించినదని ఎవరైనా చెబితే, చెప్పినవాని నిమిత్తం తినవద్దని 10:28. మా అభిప్రాయం కూడా అదే. సంఘాల్లో దీనిపై భేదాలున్నాయని మాకు తెలుసు. మేము ఎక్కువగా మాట్లాడింది తినాలా వద్దా అని కాదు, ఎలా వద్దనాలని. ముఖం చిట్లించి తోసేయడం ఒకటి. "మీరు నన్ను గుర్తుపెట్టుకుని తెచ్చారు, చాలా సంతోషం. నేను ఇది తినను, మరోలా అనుకోకండి, రండి టీ తాగుదాం" అనడం ఇంకొకటి. 1 పేతురు 3:15 మనకందరికీ నోటికి వస్తుంది. సాత్వికముతో, భయముతో అన్న సంగతిని మాత్రం తొందరలో వదిలేస్తాం.

చట్టం గురించి ఒక సాయంత్రం మా సంఘంలోని న్యాయవాది చెప్పారు. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసే హక్కు అందరికీ ఇస్తుంది, శాంతిభద్రతలకు, నైతికతకు, ప్రజారోగ్యానికి లోబడి. అయితే 1977లో స్టెనిస్లాస్ కేసులో సుప్రీం కోర్టు, ప్రచారం చేసే హక్కులో ఇంకొకరిని మతం మార్చే హక్కు ఇమిడి లేదని తీర్పు చెప్పింది. బ్రిటన్‌లో 2010 సమానత్వ చట్టం పనిచేసే చోట మతాన్నీ నమ్మకాన్నీ కాపాడుతుంది, నమ్మకం లేకపోవడాన్ని కూడా. మనిషిని మార్చేది పరిశుద్ధాత్ముడే, మనం కాదన్న మన ఉపదేశం ఉండగా ఈ చట్టాలను చూసి భయపడవలసిన పని లేదన్నది మా భావం. ఆశ చూపి, ఒత్తిడి చేసి చేసిన పనికి సువార్త అని పేరు పెట్టడం చట్టానికి ముందే వాక్యానికి విరుద్ధం.

అన్నిటికంటే తక్కువ మాట్లాడింది సందేహాల గురించి. అక్కడ మేము విఫలమయ్యాం. తల్లిదండ్రులు వెనక బెంచీల్లో కూర్చుంటే ఏ పిల్లవాడు నోరు తెరుస్తాడు? వచ్చే ఏడు వారిని బయట వరండాలో కూర్చోబెట్టి టీ ఇవ్వాలని నిర్ణయించాం.

ఇప్పటి సంగతి

ఆ అబ్బాయి మొన్న క్రిస్మస్‌కు వచ్చాడు. ఇంటిలోని ముస్లిం కుర్రవాడు రంజాన్ నెలలో ఉపవాసం విడిచే వేళకు తానే ఇంటికి త్వరగా వచ్చి వంట చేసేవాడినని చెప్పాడు. ఆ వంటింట్లోనే ఇద్దరూ ఉపవాసం గురించి, ప్రార్థన గురించి మాట్లాడుకునేవారట. ఇంగ్లీషు కుర్రవాడు గిన్నె పట్టుకుని పక్కన నిలబడి వినేవాడట. ఒకరోజు అతను మళ్లీ అదే ప్రశ్న అడిగాడు. ఈసారి మన అబ్బాయి, మా నాన్న చనిపోయిన రాత్రి నేనూ అమ్మా ప్రార్థన చేసినప్పుడు ఏం జరిగిందో చెప్పనా అని మొదలుపెట్టి, అక్కడి నుంచి యేసు గెత్సేమనే తోటలో చేసిన ప్రార్థన దాకా వెళ్లాడట. ఆ కుర్రవాడు ఏమన్నాడని అడిగాం. "ఏమీ అనలేదు అయ్యగారూ. మరుసటి ఆదివారం మీ చర్చి ఎన్ని గంటలకు అని అడిగాడు. లేవలేదు. నిద్రపోయాడు" అని నవ్వాడు.

ఈసారి సెప్టెంబరుకు మా సంఘం నుంచి ముగ్గురు వెళుతున్నారు. తరగతి జూన్ రెండో శనివారం మొదలవుతుంది. పండితులు గారు మళ్లీ వస్తామన్నారు, ఆ ఇద్దరు పెద్దల్లో ఒకరు ఈసారి తానూ కూర్చుంటానని కబురు పంపారు.